రోజూ బట్టల కింద పెట్టుకోవడానికి ఏ చిన్న పిస్టల్? గొట్టం సంగతి తర్వాత, ముందు గ్రిప్ తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. లైసెన్స్ వచ్చింది, ఆత్మరక్షణ కోసం రోజూ బట్టల కింద పెట్టుకుని తిరగడానికి ఒక చిన్న పిస్టల్ కావాలి. మీది సన్నటి ఒళ్లు, చేతులు చిన్నవి, కాల్చిన అనుభవం అంతంత మాత్రం. నాలుగు రకాలు చూసి పెట్టుకున్నారు: జేబులో పట్టే .380 పిస్టల్ (ఇది 9 ఎంఎం కన్నా తక్కువ శక్తి ఉన్న తూటా), పలచటి మైక్రో 9 ఎంఎం, గ్లాక్ 19 లాంటి కాంపాక్ట్, అయిదు తూటాల బుల్లి రివాల్వర్. తెలిసినవాళ్లేమో "అన్నిటికన్నా చిన్నది తీసుకో, బరువుండదు, ఎప్పుడూ నీ దగ్గరే ఉంటుంది" అంటున్నారు. ఆ మాట వినొచ్చా అని మీ సందేహం.

ఆ మాటలో సగం నిజం ఉంది. ఇంట్లో వదిలేసి వెళ్లిన పిస్టల్ ఎంత గొప్పదైనా అక్కరకు రాదు. మిగతా సగం ఎవరూ చెప్పరు, అక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. పిస్టల్ ఎంత చిన్నదైతే దాంతో గురిగా కాల్చడం అంత కష్టం. బాగా చేయి తిరిగినవాళ్లు కూడా పెద్ద పిస్టల్‌తో కాల్చినంత బాగా బుల్లి పిస్టల్‌తో కాల్చలేరు. అలాంటిది ఇంకా చేయి కుదురుకోని మనిషికి అన్నిటికన్నా మొండిదాన్ని అప్పగించి, జీవితంలోకెల్లా ఎక్కువ టెన్షన్ ఉండే క్షణంలో దాంతో నెగ్గుకురమ్మనడం అన్యాయం. నా సలహా దానికి ఎదురుగా ఉంటుంది: మీ బట్టల కింద ఇబ్బంది లేకుండా దాగే పిస్టళ్లలో పెద్దది ఏదో అది తీసుకోండి.

ఆ పెద్దది ఏదో తేల్చేది ముఖ్యంగా ఒక్కటే, గ్రిప్ పొడుగు. గ్రిప్ అంటే చేత్తో పట్టుకునే పిడి.

దాచడం అనగానే అందరి దృష్టీ గొట్టం మీదికి పోతుంది. నడుము దగ్గర ప్యాంటు లోపల పెట్టుకున్నప్పుడు గొట్టం కాలి వెంబడి కిందికి దిగిపోతుంది. అది మూడంగుళాలున్నా నాలుగున్నా చూసేవాళ్లకు తెలియదు. నిజం చెప్పాలంటే కాస్త పొడుగుంటేనే మేలు. బెల్టు కింద ఉన్న ఆ భాగం ఒంటికి ఆనుకుని, పైనున్న బరువు బయటికి వాలకుండా ఆపుతుంది. మరీ పొట్టి గొట్టం ఉన్న పిస్టల్ బెల్టు మీదుగా ముందుకు ఒరిగిపోతుంటుంది. మనల్ని పట్టిచ్చేది గ్రిప్. బెల్టుకు పైన ఉండేది అదే. కింద పడ్డ తాళాలు తీసుకోవడానికి వంగితే చొక్కాను లోపల నుంచి పైకి నెట్టేది గ్రిప్ అడుగున ఉండే మూల.

చిక్కేమిటంటే, మీ చేతికి కావలసిందీ ఆ గ్రిప్పే. దాన్ని ఎంత కోస్తే అంత బాగా దాగుతుంది, ఎంత కోస్తే అంత చేజారుతుంది.

ఇది కళ్లారా చూడాలంటే గ్లాక్ 43, గ్లాక్ 43ఎక్స్ రెండూ రేంజ్‌లో ఒకేరోజు కాల్చి చూడండి. 43 వచ్చింది 2015లో, 43ఎక్స్ 2019లో. రెండింటికీ గొట్టం ఒకటే, దాదాపు 3.4 అంగుళాలు. తూటా ఒకటే. తేడా ప్రధానంగా గ్రిప్‌లో: 43ఎక్స్ గ్రిప్ సుమారు 2 సెంటీమీటర్లు పొడుగు, అందుకే ఆరు తూటాల బదులు పది పడతాయి. 43 పట్టుకుంటే చాలామందికి నడిమి వేలు, ఉంగరపు వేలు గ్రిప్ మీద ఉంటాయి, చిటికెన వేలికి చోటుండదు. అది మడుచుకుని మ్యాగజైన్ (గ్రిప్ లోపల తూటాలు పట్టే పెట్టె) కిందికి పోతుంది. చిన్న వేలే కదా అనుకుంటారు. మొదటి రౌండ్ పేలగానే పిస్టల్ మూతి పైకి లేస్తుంది, కింద ఆపడానికి వేలు లేదు కనుక మొత్తం పిస్టల్ అరచేతిలో తిరుగుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే మెత్తటి చోట దెబ్బ గట్టిగా తగులుతుంది. రెండో రౌండ్‌కి పట్టు సర్దుకోవాలి, మూడోదానికి మళ్లీ సర్దుకోవాలి. అదే మనిషి 43ఎక్స్ తీసుకుంటే నాలుగు వేళ్లూ ఆనతాయి, రెండో చెయ్యి చుట్టుకోవడానికీ చోటు దొరుకుతుంది, మూతి లేచినా తిరిగి అక్కడికే దిగుతుంది. టార్గెట్ కాగితం మీద రంధ్రాలు చూస్తే వేరే వివరణ అక్కర్లేదు.

చేతిని కొట్టే పిస్టల్‌తో ఇంకో నష్టం ఉంది, అది నెమ్మదిగా వస్తుంది. దెబ్బ తగలబోతోందని శరీరానికి తెలిసిపోతుంది. ట్రిగ్గర్ పూర్తిగా వెనక్కి రాకముందే మణికట్టు తనంతట తాను కిందికి వంగుతుంది. తూటాలన్నీ గురి పెట్టిన చోటుకు దిగువన పడుతుంటాయి. కొత్తలో పడిన ఈ అలవాటు వదిలించడం గురి నేర్పడం కన్నా కష్టం. నేను కొత్తవాళ్లకు బుల్లి పిస్టల్ వద్దని పట్టుపట్టేది ఎక్కువగా ఇందుకే. దానికితోడు, కాల్చితే నొప్పి పుట్టే పిస్టల్‌తో ఎవరూ సాధన చేయరు. రెండు మ్యాగజైన్లు కాల్చి పెట్టెలో పెట్టేస్తారు, కానీ నడుముకు మాత్రం రోజూ కట్టుకుంటారు. ఇంతకన్నా ప్రమాదకరమైన కలయిక లేదు.

ఇక మీ నాలుగు రకాల సంగతి.

గ్లాక్ 19 1988 నుంచి ఉంది. నాలుగంగుళాల గొట్టం, పదిహేను తూటాలు, అతి తక్కువ గొడవ. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సైజు నాకు తెలియదు. మీకు దాంతో రెండు ఇబ్బందులు రావచ్చు. రెండు వరుసల మ్యాగజైన్ కాబట్టి గ్రిప్ లావు, చిన్న చేతులవాళ్లకు వేలు ట్రిగ్గర్‌కి సరిగా అందకపోవచ్చు. నిండు మ్యాగజైన్‌తో దాదాపు 850 గ్రాములు తూగుతుంది, సన్నటి నడుము మీద ఆ బరువూ లావూ తెలుస్తాయి. లావుపాటి జాకెట్ వేసుకునే కాలంలో సరే, పలచటి చొక్కాల కాలంలో కష్టం.

వేలు అందడం గురించి ఒక మాట. పిస్టల్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని, మూతి ప్రమాదం లేని వైపు ఉంచి పట్టుకోండి. బొటనవేలి పక్క లోయ గ్రిప్ వెనక సరిగ్గా మధ్యలో, వీలైనంత పైన ఉండాలి. ముంజేయి, గొట్టం ఒకే గీతలో ఉండాలి. ఇప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ మీద పెడితే మొదటి కణుపు మెత్తటి భాగం పడాలి. గోటి కొస మాత్రమే తగులుతుంటే, లేదా వేలు అందడం కోసం గ్రిప్‌ను చేతిలో పక్కకు తిప్పాల్సి వస్తుంటే, ఆ పిస్టల్ మీకు లావు. ఎంత పేరున్నదైనా పక్కన పెట్టేయండి. వెనక ప్లేట్లు మార్చుకునే వీలున్న మోడల్ అయితే సన్నటి ప్లేటు వేసి ఇంకోసారి చూడొచ్చు.

పలచటి మైక్రో 9 ఎంఎంలలో అసలు మార్పు 2018లో వచ్చింది. ఆ ఏడాది వచ్చిన సిగ్ పీ365, అంతకుముందు ఆరో ఏడో పట్టే సైజులో పది తూటాలు పట్టించింది. ఖాళీ మ్యాగజైన్‌తో సుమారు అర కిలో. తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ లాంటివి అదే దారి పట్టాయి. మీకు నేను చూడమనేది ఈ కుటుంబంలోనే, అయితే అందులో అన్నిటికన్నా పొట్టిది కాదు, దాని పెద్దన్న. పీ365ఎక్స్ఎల్, గ్లాక్ 43ఎక్స్, హెల్‌క్యాట్ ప్రో, కాస్త పొడుగు మ్యాగజైన్ వేసిన షీల్డ్ ప్లస్: వీటన్నిటిలో నాలుగు వేళ్లకూ చోటుంటుంది, గొట్టం మూడు, నాలుగు అంగుళాల మధ్య ఉంటుంది, మందం అంగుళానికి అటూ ఇటూ. మందం తక్కువ కాబట్టి చిన్న చేతికి ట్రిగ్గర్ అందుతుంది. గ్రిప్ పొడుగు వల్ల వచ్చే ఇబ్బందిని మంచి హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, చాలావరకు తీరుస్తుంది, దాని గురించి కింద చెబుతాను. ఈ నాలుగింటిలో ఏదన్నది మీ చెయ్యే చెప్పాలి. నన్ను పేరు చెప్పమంటే, ముందు 43ఎక్స్, పీ365ఎక్స్ఎల్ రెండూ అద్దెకో అరువుకో తీసుకుని చెరో యాభై రౌండ్లు కాల్చి చూడమంటాను.

జేబు .380, అంటే రూగర్ ఎల్‌సీపీ లాంటిది, 2008లో వచ్చింది. ఖాళీగా 270 గ్రాముల దాపు. ఏ బట్టల్లోనైనా మాయమవుతుంది. కానీ రెండు వేళ్ల గ్రిప్, కంటికి ఆనని సైట్లు, చేతిని కొట్టే స్వభావం. 9 ఎంఎంతో కాల్చడం బాగా వచ్చాక, దానికి ఏమాత్రం వీలులేని బట్టలు వేసుకోవాల్సిన రోజు కోసం రెండోదిగా ఉంచుకోవచ్చు. మొదటి పిస్టల్‌గా వద్దు.

రివాల్వర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చిన్న చేతులున్నవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, "నీకు చిన్న రివాల్వర్ చాలు, సింపుల్‌గా ఉంటుంది" అని అంటగట్టేవాళ్లు అన్నిచోట్లా ఉన్నారు. ఆ సలహా విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. స్మిత్ అండ్ వెసన్ 642 లాంటి అల్యూమినియం ఫ్రేమ్ రివాల్వర్ నాలుగు వందల గ్రాముల పైచిలుకు ఉంటుంది. దాని ట్రిగ్గర్ నొక్కడానికి దాదాపు అయిదు కిలోల బలం కావాలి. తన బరువుకు పది రెట్లు మించిన ఒత్తిడితో, అంత పొడుగునా, సైట్లు కదలకుండా ట్రిగ్గర్ లాగడం కొత్తవాళ్ల పని కాదు. తేలిక కాబట్టి గట్టిగా తన్నుతుంది. అయిదు తూటాలు అయిపోతే మళ్లీ నింపడం ఆలస్యం. వాడడం సింపుల్, కొట్టడం కష్టం. దానికంటూ గొప్పతనం లేకపోలేదు. ఒంటికి ఆనించి కాల్చాల్సి వచ్చినా ఆగదు. సుత్తి లోపలే ఉండే మోడల్ కోటు జేబులో చిక్కుకోదు. పిస్టల్ అయితే మూతి దేనికైనా గట్టిగా నొక్కుకుంటే స్లైడ్ (గొట్టం మీద ముందుకూ వెనక్కీ జరిగే పై భాగం) వెనక్కి జరిగి పేలకపోవచ్చు. స్లైడ్ లాగే శక్తి చేతుల్లో లేనివాళ్లకు కూడా అదొక దారే, ట్రిగ్గర్ నొక్కే శక్తి ఉంటేనే. కీళ్లనొప్పులున్న చేతులకు చాలాసార్లు ఆ రెండూ ఉండవు.

స్లైడ్ లాగలేకపోవడం అన్నది చాలామందికి బలం సమస్య కాదు, పద్ధతి సమస్య. చిన్న పిస్టళ్లలో స్లైడ్ తేలిక, అది జరిగే దూరమూ తక్కువ, అందుకే స్ప్రింగ్ బిరుసుగా పెడతారు. బొటనవేలు, చూపుడువేలు కొసలతో లాగితే రాదు. పిస్టల్‌ను ఛాతీ దగ్గరికి తెచ్చుకోండి, మూతి ముందుకే ఉండాలి. ఎడమ అరచేతితో స్లైడ్‌ను పైనుంచి పిడికిలిలా పట్టి అక్కడే నిలిపి ఉంచండి. కుడి చేత్తో గ్రిప్‌ను ముందుకు బలంగా తొయ్యండి. లాగడం కన్నా తొయ్యడం సులువు. అలా చేసినా రాకపోతే, తేలిగ్గా జరిగేలా తయారుచేసిన షీల్డ్ ఈజెడ్ లాంటివి ఉన్నాయి.

తూటా గురించి ఎక్కువ మాట్లాడను. 9 ఎంఎం తీసుకోండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గియోర్గ్ లూగర్ రూపకల్పన చేసిన ఆ తూటా ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది, సాధనకు చవక, తన్ను భరించేలా ఉంటుంది. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. దుండగుడికి తగిలిన ఒక 9 ఎంఎం తూటా గుండె దాకా వెళ్లకుండా ఆగిపోయింది. ఆ తర్వాత ఎఫ్‌బీఐ పెద్ద తూటాల వైపు వెళ్లింది, తూటాలను జెలటిన్ దిమ్మెల్లో పరీక్షించే పద్ధతి పెట్టింది. 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్న కొలత అక్కడి నుంచే వచ్చింది. కొత్త తరం 9 ఎంఎం హాలో పాయింట్లు (కొన బోలుగా ఉండి, తగిలాక విచ్చుకునే తూటాలు) ఆ పరీక్షల్లో నిలబడ్డాక, 2010ల మధ్యలో ఎఫ్‌బీఐ తిరిగి 9 ఎంఎంకే వచ్చింది. .380కి ఆ కొలతలో వెసులుబాటు తక్కువ. పొట్టి గొట్టం నుంచి వచ్చేసరికి చాలా హాలో పాయింట్లు విచ్చుకుంటే లోతుకు పోవు, లోతుకు పోతే విచ్చుకోవు. బుల్లి రివాల్వర్లలో వాడే .38 స్పెషల్ తూటాకీ పొట్టి గొట్టంతో ఇంచుమించు ఇదే సమస్య.

హాలో పాయింట్ మీ దగ్గర చట్టబద్ధమైతే అదే వాడండి. అది శరీరంలో విచ్చుకుని ఆగిపోవడానికి ఎక్కువ అవకాశం ఉంది. మామూలు ఫుల్ మెటల్ జాకెట్ తూటా (విచ్చుకోకుండా గట్టి లోహపు తొడుగు ఉన్నది) దూసుకుని అవతలికి పోయి, వెనకున్న ఏ పాపం ఎరుగని మనిషికో తగలొచ్చు. మీ పిస్టల్ నుంచి వెళ్లిన ప్రతి తూటాకూ బాధ్యత మీదే, అది ఎక్కడ ఆగినా సరే.

సైట్ల విషయంలో, ముందుది కంటికి కొట్టొచ్చినట్టు కనబడితే చాలు. రెడ్ డాట్ (గురి చోట ఎర్ర చుక్క చూపే చిన్న అద్దం) పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చు, దగ్గరి చూపు మందగించినవాళ్లకు అది నిజంగా వరం. కాకపోతే కొత్తలో పిస్టల్ ఎత్తగానే చుక్క కనబడక వెతుక్కుంటారు. మామూలు సైట్లతో ఎత్తడం కుదిరాక మారండి. డాట్ అమర్చడానికి స్లైడ్ కోసి ఉన్న మోడల్ ఇప్పుడే కొనుక్కుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

బొటనవేలితో తిప్పే సేఫ్టీ ఉండాలా వద్దా అన్న వాదన ఎప్పటికీ తెగదు. ఉంటే, హోల్‌స్టర్ నుంచి తీసిన ప్రతిసారీ, సాధనలో సహా, దాన్ని కిందికి నొక్కడం అలవాటవ్వాలి. అంత సాధన చేయను అనిపిస్తే లేనిదే మేలు. ఏదైనా సరే, అసలు సేఫ్టీ ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే హోల్‌స్టర్, ట్రిగ్గర్‌కి దూరంగా ఉండే వేలు. పాత కాలపు పిస్టళ్లు, రివాల్వర్లు కొన్నిటిలో కింద పడితే పేలకుండా ఆపే ఏర్పాటు ఉండదు. వారసత్వంగా వచ్చిందని అలాంటిది నడుముకు పెట్టుకోకండి.

ఇప్పుడు హోల్‌స్టర్. పిస్టల్ కోసం నెలల తరబడి వెతికి, హోల్‌స్టర్ మాత్రం చేతికందిన మెత్తటి గుడ్డది కొనేస్తారు. చివరికి "ఈ పిస్టల్ దాగడం లేదు, ఇంకా చిన్నది కావాలి" అంటారు. దాగనిది పిస్టల్ కాదు. చాలామంది చిన్న పిస్టల్‌కి దిగిపోయేది ఇక్కడే, అందుకే దీని మీద ఇంత పట్టుపడుతున్నాను.

కైడెక్స్ లాంటి గట్టి పదార్థంతో, సరిగ్గా మీ మోడల్ కోసం అచ్చుపోసింది కావాలి. ట్రిగ్గర్ గార్డ్ పూర్తిగా మూసుకుపోవాలి, బయట నుంచి వేలితో నొక్కినా లోపల ట్రిగ్గర్ కదలకూడదు. తలకిందులుగా పట్టుకుని ఊపితే ఖాళీ పిస్టల్ జారిపడకూడదు. పిస్టల్ తీశాక కూడా హోల్‌స్టర్ నోరు తెరుచుకునే ఉండాలి. నోరు ముడుచుకుపోయే మెత్తటి హోల్‌స్టర్లో తిరిగి పెట్టేటప్పుడు అంచు మడతపడి ట్రిగ్గర్ మీదికి వస్తుంది. ప్రమాదాలు జరిగేది ఎక్కువగా పిస్టల్ తీసేటప్పుడు కాదు, పెట్టేటప్పుడు.

నడుము ముందు భాగంలో, బొడ్డుకు కాస్త పక్కన పెట్టుకునే పద్ధతి సన్నటివాళ్లకు బాగా కుదురుతుంది. వంగినా గ్రిప్ ఒంటి మడతలోకే పోతుంది, చెయ్యి తొందరగా అందుతుంది, ఇంకొకరు లాక్కోబోతే కాపాడుకోవడమూ సులువు. ఈ రకం హోల్‌స్టర్లకు రెండు చిన్న అమరికలు ఉంటాయి. ఒకటి క్లా, బెల్టు లోపలి వైపు ఆనుకుని గ్రిప్‌ను ఒంటి వైపు తిప్పుతుంది. రెండోది వెడ్జ్, హోల్‌స్టర్ కింది కొస దగ్గర ఉండే మెత్తటి దిండు, అది కింది భాగాన్ని ఒంటి నుంచి ఎడం చేసి పై భాగాన్ని లోపలికి వాలుస్తుంది. ఈ రెండూ ఉన్న హోల్‌స్టర్లో 43ఎక్స్, అవి లేని హోల్‌స్టర్లో దానికన్నా పొట్టి 43 కన్నా బాగా దాగడం నేను ఎన్నోసార్లు చూశాను. వాటికి అంగుళం పావో అంగుళంన్నరో వెడల్పున్న, మెలితిప్పితే తిరగని గట్టి బెల్టు తోడు కావాలి. మామూలు మెత్తటి బెల్టు మీద ఏ పిస్టల్ అయినా వేలాడుతుంది.

ముందు పెట్టుకునే పద్ధతిలో ప్రమాదమూ ఉంది. కూర్చున్నప్పుడు మూతి తొడ వైపు, పెద్ద రక్తనాళం వైపు ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు తొందర అస్సలు పనికిరాదు. చొక్కా పూర్తిగా పైకెత్తి, హోల్‌స్టర్ నోటిని కళ్లతో చూస్తూ, నడుము ముందుకు తోసి మూతి ఒంటికి దూరంగా ఉండేలా చేసి, ట్రిగ్గర్ మీద వేలు లేదని ఇంకోసారి చూసుకుని, నెమ్మదిగా దించండి. ఏమైనా అడ్డుపడినట్టు తగిలితే ఆపి, బయటికి తీసి, చూడండి. ఈ పద్ధతి మీద మీకు ధైర్యం చాలకపోతే కుడి తుంటికి కాస్త వెనగ్గా పెట్టుకోండి, ఆ సందర్భంలో ముదురు రంగు, కాస్త వదులు చొక్కాలు వేసుకోవాల్సి వస్తుంది. చేతి సంచిలో వేసుకోవడం నాకు నచ్చదు. సంచి లాక్కుంటే పిస్టల్ కూడా పోయినట్టే, కుర్చీ మీద పెట్టి మరిచిపోయిన సంచిలో పిల్లలు చెయ్యి పెడతారు. గత్యంతరం లేకపోతే దానికంటూ విడి అర ఉండాలి, లోపల గట్టి హోల్‌స్టర్ ఉండాలి, సంచి భుజం దిగకూడదు.

కొన్నాక మొదటి వారం ఖాళీ పిస్టల్ పెట్టుకుని ఇంట్లోనే తిరగండి. అద్దం ముందు నిలబడి కాదు, పనులు చేస్తూ. పై అరలో డబ్బా అందుకోండి, చెప్పుల పట్టీ పెట్టుకోండి, గంటసేపు కుర్చీలో కూర్చోండి, కారు సీటు బెల్టు పెట్టుకుని తియ్యండి. ఎక్కడ గుచ్చుకుంటోంది, ఎక్కడ చొక్కా పైకి లేస్తోంది అన్నది అప్పుడు తెలుస్తుంది. హోల్‌స్టర్‌ను ఒక అంగుళం అటూ ఇటూ జరిపితేనే ఎంతో తేడా వస్తుంది. ఇంకో సంగతి: బయట జనం మనం భయపడేంతగా మన నడుము చూడరు. కానీ అస్తమానం తడుముకుంటూ, చొక్కా సర్దుకుంటూ ఉంటే మాత్రం చూస్తారు.

నమ్మకం కుదిరేదాకా ఆ పిస్టల్ మీద ఆధారపడకండి. మామూలు సాధన తూటాలు కనీసం రెండు వందలు, రోజూ పెట్టుకోబోయే హాలో పాయింట్లు కనీసం యాభై, ఒక్క జామ్ కూడా లేకుండా కాలాలి. మీ దగ్గరున్న అన్ని మ్యాగజైన్లతోనూ చూడాలి, చాలా జామ్‌లకు కారణం పిస్టల్ కాదు, మ్యాగజైన్. తేలికపాటి పిస్టల్‌ను మణికట్టు సడలించి పట్టుకుంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోక ఇరుక్కుంటుంది, కాబట్టి జామ్ అయినప్పుడు అనుభవం ఉన్నవాళ్లకు ఇచ్చి కాల్పించి చూడండి. ఒంటి చేత్తో, ఎడమ చేత్తో కూడా కాల్చండి. చెవులకు మఫ్‌లు తప్పనిసరి. పిస్టల్ పేలుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క శబ్దం చాలు వినికిడి దెబ్బతినడానికి.

చిన్న పిస్టల్‌కి చాకిరీ కూడా కాస్త ఎక్కువ. ఒంటి చెమట స్లైడ్‌కి తగులుతూ ఉంటుంది, గొట్టంలో, హోల్‌స్టర్లో బట్టల నూగు చేరుతుంది. వారానికోసారి తుడవండి. బిరుసు స్ప్రింగ్ తొందరగా అలిసిపోతుంది, తయారీదారు చెప్పిన లెక్క ప్రకారం మార్చండి. రోజూ రాత్రి తూటా ఛాంబర్‌లోంచి (గొట్టం వెనక, పేలడానికి సిద్ధంగా తూటా ఉండే చోటు నుంచి) తీసి పొద్దున్నే అదే తూటా మళ్లీ ఎక్కిస్తుంటే, ప్రతిసారీ ముందు గోడకు గుద్దుకుని బుల్లెట్ కొంచెం కొంచెంగా గుల్లలోకి దిగబడుతుంది. అలా దిగిన తూటా పేలితే లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. పక్కన కొత్త తూటా నిలబెట్టి పోల్చి చూడండి, పొట్టిగా కనబడితే వాడకండి. హోల్‌స్టర్‌తో సహా తీసి తాళం పెట్టెలో పెట్టేస్తే రోజూ ఖాళీ చేయాల్సిన పనే తగ్గుతుంది.

సాధనలో ఎక్కువ భాగం తూటా లేకుండానే చేయొచ్చు. గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు, మ్యాగజైన్లు వేరే గదిలో ఉండాలి, ఛాంబర్ కంటితో, వేలితో చూసుకోవాలి, గురి పెట్టే గోడ తూటాను ఆపగలిగేదై ఉండాలి. రోజూ పది నిమిషాలు: చొక్కా ఎత్తడం, పట్టు పూర్తిగా కుదిరాకే పిస్టల్ బయటికి తీయడం, సైట్లు కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం. ముందు సైట్ మీద ఒక నాణెం పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కగలిగితే మీ వేలు సరైన దారిలో ఉంది. అయిపోయాక "సాధన అయిపోయింది" అని పైకి అనుకుని, పిస్టల్ పక్కన పెట్టేయండి. నింపిన తర్వాత "ఇంకొక్కసారి" అన్న మాటే వద్దు.

చట్టం సంగతి మీరే స్వయంగా చదువుకోండి, ఇంకొకరి మాట మీద వెళ్లకండి. లైసెన్స్ ఉన్నా దాచి తీసుకెళ్లడానికి విడిగా అనుమతి కావాలేమో, ఏయే స్థలాల్లోకి తీసుకెళ్లకూడదు, మ్యాగజైన్‌కి ఎన్ని తూటాల పరిమితి, ఆత్మరక్షణ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అన్నవి ప్రాంతాన్ని బట్టి పూర్తిగా మారిపోతాయి. సరిహద్దు దాటితే నిన్నటి అనుమతి ఇవాళ నేరం కావచ్చు. నడుముకు పిస్టల్ ఉన్న మనిషి గొడవల్లోకి దిగకూడదు, రోడ్డు మీద ఎవరైనా తిట్టినా తల దించుకుని పోవాలి. తప్పించుకునే దారి ఉన్నంతసేపూ ఆ దారే పట్టాలి. రక్తస్రావం ఆపడం నేర్చుకుని, ఒక టూర్నికెట్ (రక్తం ఆగేలా కాలికో చేతికో బిగించే పట్టీ) దగ్గర ఉంచుకోండి. పిస్టల్ కన్నా ముందు అదే అక్కరకొచ్చే అవకాశం ఎక్కువ, రోడ్డు ప్రమాదాలు ఎక్కడైనా జరుగుతాయి.

పిస్టల్‌తో పాటే ఇంట్లో గోడకో మంచానికో బిగించే చిన్న తాళం పెట్టె కొనండి, తర్వాత చూద్దాం అనుకోకండి. ఇంటికి రాగానే పిస్టల్ ఉండాల్సిన చోట్లు రెండే, మీ ఒంటి మీద, లేదా ఆ పెట్టెలో. దిండు కింద, అల్మరా పైన, సొరుగులో బట్టల అడుగున దాచినవన్నీ పిల్లలకు తెలిసే ఉంటాయి. మీ ఇంట్లో పిల్లలు లేకపోయినా చుట్టాల పిల్లలు వస్తారు. పెట్టె తాళం నంబరు చీకట్లో, చేతులు వణుకుతున్నప్పుడు కూడా నొక్కగలరో లేదో ముందే నాలుగుసార్లు చూసుకోండి. బ్యాటరీతో నడిచేదైతే మామూలు తాళంచెవి ఎక్కడుందో గుర్తుంచుకోండి.